సమాధానం కుర్చీ

ఊరికి తారు రోడ్డు వేయడానికి వచ్చిన రోలరు ఊరి నడిమధ్య దాకా వచ్చి, అక్కడి నుంచి వెనక్కి వెనక్కే నడుచుకుంటూ ఊరు దాటిపోయింది. దాన్ని అలా సాగనంపింది ఒక ఆడమనిషి. ఆమె చేతిలో కర్ర లేదు, వెనక పార్టీ లేదు, ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ మాత్రం ఉంది. ఈ ముచ్చటంతా ఆదిశేషమ్మ తన అరుగు మీద కూర్చుని, చింతపండులో గింజలు తీసుకుంటూ, మొదటి నుంచి చివరి దాకా కళ్ళారా చూసింది. ఇంకెవరైనా వచ్చి చెప్పి ఉంటే నమ్మేది కాదు. ఊళ్ళో చెప్పుకునే మాటల్లో సగమే నమ్మాలని ఆమె చిన్నప్పుడే నేర్చుకుంది. ఆ సగం ఏదో తేల్చుకోవడానికే ఇంత వయసు పట్టింది.

మైపాడు దారిలో, సముద్రం హోరు వినబడేంత దూరంలో ఉన్న ఊరు అది. ఆ రోడ్డు కోసం ఊరు పెట్టిన అర్జీలు పరిస్తే అదే రోడ్డయ్యేది. చివరికి ఒకనాడు కంకర పడింది, రోలరు వచ్చింది. దాని మీద మాల్యాద్రి అనే డ్రైవరు అంబారీ ఎక్కినట్టు కూర్చుని ఉన్నాడు. అప్పుడు సమాధానం అనే ఆ ఆడమనిషి తన కుర్చీ తెచ్చి, రోలరుకు ఎదురుగా వేసుకుని, కొంగు సర్దుకుని కూర్చుంది.

"ఏమ్మా, పక్కకు జరుగు" అన్నాడు మాల్యాద్రి.

"జరగను. మూడు దినాలు నీ బండి ఈడ అలికిడి చెయ్యకూడదు."

"ఎందుకంట?"

"ఆ గోదాములో రొయ్య నెత్తురు చూస్తుండారు. నీ బండి ఉరిమిందంటే బొమ్మ చెదరతాది."

మాల్యాద్రి ఇంజను ఆపి, చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "రొయ్యకు నెత్తురు యాడుందమ్మా?"

"ఉండాదిలే. నీ నెత్తురు కంటే చల్లంగా ఉంటాది."

"ఇదిగో, నాతో పెట్టుకోబాక. నీ పేరు చెప్పు. ఫలానా ఆమె అడ్డం కూచునిందని కాంట్రాక్టరుకు చెప్పాల."

"సమాధానం."

"అదే నేనూ అడగతుండేది. సమాధానం చెప్పు."

"చెప్పినా గదా."

"ఏం చెప్పినావు? పేరడిగితే సమాధానం అంటావు, సమాధానం చెప్పమంటే చెప్పినానంటావు. నాకేమన్నా పిచ్చా?"

"అది నీ ఇంట్లో వాళ్ళను అడగాల" అంది సమాధానం. తర్వాత గొంతు తగ్గించి, మెచ్చుకుంటున్నట్టు రోలరును పైనుంచి కిందికి చూసింది. "సరే అబ్బయ్యా, నువ్వు పెద్ద డ్రైవరువే అనుకో. ముందుకు పోవడం ఏముంది, ఎద్దు గూడా పోతాది. దీనికి ఎనక్కి పోవడం వచ్చునా?"

"రాకేం?"

"రాదులే. బోగోలు కాడ ఎనక్కి పోబోయి కాలవలో పడిందంట ఒకటి. అది నీదేనంట గదా."

మాల్యాద్రి ముఖం కందిపోయింది. "నాది కాదు. ఏ నా కొడుకు చెప్పినాడు? నేను రివర్సులో పోతే గీత గీసినట్టు పోతా."

"ఏదీ, ఆ పాలకేంద్రం కాడికి పో చూద్దాం."

"పాలకేంద్రమేంది, ఊరు దాటించి చూపిస్తా. కండ్లు తెరుసుకోని చూడు."

సమాధానం కళ్ళు తెరుచుకునే చూసింది. రోలరు నిజంగానే గీత గీసినట్టు వెనక్కి పోయింది. పాలకేంద్రం దాటింది, చర్చి దాటింది, ఊరి పేరు రాసిన రాయి కూడా దాటింది. అక్కడికి పోయాక గానీ మాల్యాద్రికి తాను ఏం చేశాడో తెలియలేదు. మళ్ళీ ముందుకు వద్దామంటే, వెనక్కి పోలేక తిరిగొచ్చాడని జనం అంటారేమోనని పౌరుషం అడ్డం వచ్చింది. అన్నం తినే వంక పెట్టుకుని వెళ్ళాడు. సాయంత్రానికి కాంట్రాక్టరు రోలరును వేరే ఊరికి పంపేశాడు. కంకర మాత్రం మిగిలింది. మేకలు దాని మీద కుంటుకుంటూ నడుస్తున్నాయి.

బైబిల్లో సమాధానం అంటే శాంతి అని ఆ పిల్ల పుట్టినప్పుడు పాస్టరుగారు ఆ పేరు పెట్టాడట. ఆయన మంచివాడే గానీ, పిల్ల నోరు విప్పేదాకా ఆగి ఉండాల్సింది అంటుంది ఆదిశేషమ్మ.

సమాధానం ఇప్పుడు నలభై దాటిన మనిషి. మొగుడు పడవ మీద పనికి పోతాడు. ఇంట్లో ఉండే రోజుల కంటే నీళ్ళ మీద ఉండే రోజులే ఎక్కువ, అందుకే ఆ కాపురం చల్లగా ఉంది. ఆమె పెళ్ళయిన దగ్గర్నుంచీ రొయ్యల తలలు తీసే షెడ్డులో పనిచేసింది. ఐసు నీళ్ళు కారే గచ్చు మీద, పొద్దున నిలబడితే పొద్దుగూకేదాకా నిలబడడమే. అక్కడ కదలకూడదు. కదిలితే పక్కామె మోచెయ్యి తగిలి కత్తి జారుతుంది, సూపర్వైజరు తిడతాడు. ఒకసారి కడుపుతో ఉన్న ఒక పిల్ల కోసం షెడ్డులో ఒక స్టూలు వేశారు. ఆ పిల్ల కాన్పుకు వెళ్ళగానే స్టూలును కడిగి ఆరబెడతామని బయటికి తీసుకుపోయారు. అది ఇంకా ఆరలేదు.

కాబట్టి గోదాములో ఉద్యోగం వచ్చిన మొదటి రోజు, అక్కడ రొయ్య నెత్తురు పరీక్షించే సుశీల్ కుమార్ ఎర్ర కుర్చీ చూపించి "కూర్చోండి సమాధానం గారూ" అంటే, ఆమె వెనక్కి తిరిగి ఇంకెవరన్నా ఉన్నారేమోనని చూసింది. జీతం ఎంతని కూడా అడగలేదు. "సార్, ఈ కుర్చీ నాదేనా?" అని మాత్రం అడిగింది. ఇంటికి పోయి నలుగురికీ ఉద్యోగం సంగతి చెప్పలేదు, కుర్చీ సంగతి చెప్పింది. దానికి చేతులు కూడా ఉన్నాయని చెప్పింది.

ఆ గోదాము ఆదిశేషమ్మది. ఆమె పెనిమిటి బతికి ఉన్న కాలంలో వడ్లు నిలవ చేసేవాళ్ళు. చెమ్మ ఎక్కకుండా నేలంతా చెక్క పలకలు పరిచారు. వడ్లు పోయి చేలన్నీ రొయ్యల గుంటలయ్యాక అందులో ఎలుకలే కాపురం ఉండేవి. ఆ తర్వాత ఈ కంపెనీ వచ్చింది. తెల్లమచ్చ రోగం వచ్చిందంటే గుంట గుంటంతా తెల్లారేసరికి తేలిపోతుంది గదా, దానికి మందు కనిపెడతామని వచ్చారు. రొయ్య నెత్తురు తీసిన కాసేపటికే గడ్డ కడుతుంది, పట్నం దాకా మొయ్యడం కుదరదు. అందుకని మిషనునే గుంటల దగ్గరికి తెచ్చుకున్నారు.

తలుపు మీద బోర్డు పెట్టారు: లేబుల్ రహిత సజీవ కణ చిత్రణ కేంద్రం. చదివింది మూడో తరగతే అయినా ఆదిశేషమ్మ దాన్ని ఎవరి సాయం లేకుండా కూడబలుక్కుని చదివింది. పదో తరగతి చదివినవాళ్ళు కూడా అంతకంటే ఏమీ పీకలేకపోయారు. చిత్రణ అని ఉంది గనక ఫోటో స్టూడియో అనుకుని జనం తలకు నూనె రాసుకుని వచ్చారు.

"ఈడ మనుషులకు తియ్యరు, రొయ్యలకే" అని కుర్చీలోంచి సమాధానం చెప్పేది.

"రొయ్యలకు గూడా ఆధార్ ఇస్తుండారా?" అని ఒక ముసలాయన నిజంగానే అడిగాడు. తనకు వేలిముద్రలు పడక ఏడాదిగా తిరుగుతున్నాడు పాపం.

రొయ్యల రైతులది ఇంకో గోల. లేబులు లేని మందు అంటే వాళ్ళకు బాగా తెలుసు, చాటుగా వచ్చే పొట్లాలన్నీ అవే. చుట్టూ చూసి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, "ఉండాదంట గదా, రెండు కిలోలు ఇప్పియ్యి" అని గుసగుసలాడేవాళ్ళు.

ఇదంతా చూసి ఆదిశేషమ్మ ఒకనాడు సుశీల్ కుమార్‌ను అరుగు మీదికి పిలిపించింది. ఒంగోలు నుంచి వచ్చిన కుర్రాడు, పెద్ద చదువు, చిన్న గొంతు.

"అబ్బయ్యా, నా గోదాములో ఏం జరగతా ఉండాదో నాకు తెలవాల."

"మామ్మగారూ, మామూలుగా కణాలు కనపడాలంటే వాటికి రంగు వేస్తాం. దాన్నే లేబుల్ అంటాం. కానీ రంగు వేస్తే కణం చచ్చిపోవచ్చు, లేదా తీరు మార్చుకోవచ్చు. అప్పుడు ఆ మార్పు మేం వేసిన మందు వల్లా, రంగు వల్లా అని తెలీదు. అందుకని రంగు లేకుండా, బతికుండగానే చూస్తాం. కణంలోంచి పోయేటప్పుడు వెలుతురు కాస్త వెనకబడుతుంది. ఎక్కడ ఎంత వెనకబడిందో కొలిచి బొమ్మ కడుతుంది మిషను. మందు వేశాక కణాలు పాకుతున్నాయా, ముడుచుకుంటున్నాయా, చస్తున్నాయా అని మూడు పగళ్ళు మూడు రాత్రులు వరసగా బొమ్మలు తీస్తాం."

"అంటే పెండ్లిచూపులకు పౌడరు పూసి కూచోబెట్టిన పిల్లను చూడకుండా, పేడ ఎత్తతా ఉండే పిల్లను కిటికీలోంచి చూసినట్టు."

సుశీల్ కుమార్ ఒక్క క్షణం ఆలోచించి అవునన్నాడు. అవుననక ఏం చేస్తాడు, గోదాము ఆమెది.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆ బొమ్మ ఎంత సున్నితమంటే, నేల ఏ మాత్రం అదిరినా చెరిగిపోతుంది. దానికోసం కదలని బల్ల ఒకటి విదేశాల నుంచి తెప్పించారు. ఆ కదలని బల్ల చెన్నై రేవు నుంచి కదలడం లేదు. అది వచ్చేదాకా ఊరే కదలకుండా ఉండాలి. ఊరిని కదలకుండా చూడడమే సమాధానం ఉద్యోగం.

ఆమె ఆ పనిని నిష్ఠగా చేసింది. బోరు లారీని ఊరి బయటే ఆపింది. పెళ్ళి బ్యాండువాళ్ళను చేతులతో తాళం చూపిస్తూ మౌనంగా నడిపించింది. పెళ్ళికొడుకు ఎవరో చచ్చారనుకుని గుర్రం దిగాడు. వాలీబాల్ ఆడే పిల్లకాయలను క్యారమ్స్‌కు మళ్ళించింది. ఇంత చేసి, చివరికి ఆదిశేషమ్మ గడపలోకే వచ్చింది.

"పెద్దమ్మా, నీ రోకలి ఆపాల."

ఆదిశేషమ్మ ఎండు రొయ్యల పొడి రోట్లోనే దంచుతుంది. ఆ రోకలి అత్తగారిది, అత్తగారి అత్తగారిది. మిక్సీలో వేసిన పొడి గొంతు దిగదామెకు, కరెంటు వాసన వస్తుంది.

"నా రోకలి చప్పుడుతోనే ఈ ఊరు నిద్ర లేస్తాది, తెలుసా?"

"ఇకమీద సెల్లులో అలారం పెట్టుకుంటారులే."

"ఏమ్మే, నా గోదాములో కూచోని నా రోకలే ఆపుతావా?"

"నేను ఆపడంలా పెద్దమ్మా. రొయ్యలు ఆపమంటుండాయి."

రొయ్యలతో వాదించి ఎవరు గెలిచారు. ఆదిశేషమ్మ రోకలిని మూలన ఆనించి, దాని మీద ఒక పాత చీర కప్పింది. అప్పటి నుంచీ కరెంటు వాసన పొడే తింది. ఆ మంట మాత్రం కడుపులో దాచుకుంది.

ఊరు ఇంత ఓర్చుకున్నా బొమ్మలు నిలవలేదు. ఇంకోవైపు మాటలతో తంటాలు. కణాలను పోసే ప్లాస్టిక్ పలకలో వరసలు వరసలుగా చిన్న చిన్న గుంటలుంటాయి. ఒక రోజు సుశీల్ కుమార్ ఫోనులో పైవాళ్ళతో "మూడో వరసలో చివరి గుంట మొత్తం పోయింది సార్" అన్నాడు. కిటికీ పక్కగా పోతున్న హజరత్తయ్య ఆ మాట విన్నాడు. ఆయన రొయ్యల గుంట మూడో వరసలో చివరిది. పంచె ఒక చేత్తో, గుండె ఒక చేత్తో పట్టుకుని గట్టు దాకా పరిగెత్తాడు. గుంటలో రొయ్యలు నిక్షేపంగా ఎగురుతున్నాయి. తిరిగొచ్చి సుశీల్ కుమార్ మీద పడ్డాడు. "పోయిందంటివే, యాడ పోయింది? నా రొయ్యలకు నువ్వు దిష్టి పెడతావా?" సమాధానమే మధ్యలో దూరి, "అది సార్ గుంట అన్నా, నీ గుంట కాదు" అని సర్దిచెప్పి పంపింది. అయినా ఆయన వాకిట్లో ఉప్పు తిప్పి పోసే వెళ్ళాడు.

రోలరును ఊరు దాటించిన రోజు సాయంత్రం మళ్ళీ కొత్తగా మొదలుపెట్టారు. రోలరు లేదు, బ్యాండు లేదు, రోకలి లేదు. ఊరు ఊరంతా పాలు తోడు పెట్టిన కుండలా నిలిచి ఉంది. మూడో నాడు సుశీల్ కుమార్ బయటికి వచ్చి, గోదాము మెట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు.

"మళ్ళీ వణికాయి. కాసేపు బాగుంటాయి, కాసేపు వణుకుతాయి. పైవాళ్ళు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఈసారి కూడా పాడైతే ఇక్కడ మూసేసి వేరే జిల్లాకు పోవడమే."

"సార్, మూసేస్తే కుర్చీ?" అంది సమాధానం.

సుశీల్ కుమార్ ఆ ప్రశ్నకు అర్థం తెలియక, "అన్నీ తీసుకెళ్ళిపోతాం" అన్నాడు.

సమాధానం ముఖం అప్పుడు ఆదిశేషమ్మ చూసింది. తుపానుకు పడవ పోయిన ఇంటి ఆడవాళ్ళ ముఖం అలా ఉంటుంది.

ఆ మధ్యాహ్నమే సమాధానం వచ్చి ఆదిశేషమ్మ ఇత్తడి తాంబాళం అడిగి తీసుకుంది. దాని నిండా నీళ్ళు పోసుకుని, తొణక్కుండా రెండు చేతులతో పట్టుకుని ఊరంతా తిరగడం మొదలుపెట్టింది. ప్రతి ఇంటి ముందూ తాంబాళం కింద పెట్టడం, గొంతుక్కూర్చుని నీళ్ళ మీద అలలు లేస్తాయేమోనని చూడడం. కొత్త రకం సోది అనుకుని కొందరు చెయ్యి చాపారు. ఒకామె తాంబాళంలో పసుపు వేసి దణ్ణం పెట్టింది. ఒంటి నిండా కండ ఉన్న చికెన్ కొట్టు ఆయనను తాంబాళం ముందు రెండుసార్లు నడిపించి చూసింది. బర్రెలను చూసింది, తిరగలిని చూసింది, పసిబిడ్డ ఉయ్యాలను కూడా వదలలేదు. నీళ్ళు ఎక్కడా కదల్లేదు. ఊరు నిర్దోషి అని తేలింది.

మర్నాడు పొద్దున ఆదిశేషమ్మ తన తాంబాళం తనకు తెచ్చుకోవడానికి గోదాముకు పోయింది. ఇచ్చిన వస్తువు తిరిగి రాకపోతే ఆమెకు అన్నం సయించదు. లోపల సుశీల్ కుమార్ అవతలి గదిలో ఉన్నాడు. ఆ సాయంత్రమే ఆఖరి విడత మొదలు. సమాధానం కుర్చీలో కూర్చుని, గడప వైపే చూస్తూ, ఊరి మీద నిఘా వేసి ఉంది. తాంబాళం పక్కనే నేల మీది చెక్క పలకల మీద ఉంది, నీళ్ళు పారబొయ్యలేదు.

ఆదిశేషమ్మ నీళ్ళ వంక చూసింది. నీళ్ళు వణుకుతున్నాయి. సన్నగా, గుండ్రంగా, ఒకదాని వెనక ఒకటి.

"ఏం పెద్దమ్మా" అంటూ సమాధానం మర్యాదకు లేచి నిలబడింది.

నీళ్ళు ఆగిపోయాయి. అద్దంలా అయిపోయాయి.

"తాంబాళం కోసమా? ఉండు, కడిగిస్తా" అని సమాధానం మళ్ళీ కూర్చుంది, చెప్పు వెతుక్కుంటూ. నీళ్ళు మళ్ళీ వణికాయి.

అప్పుడు ఆదిశేషమ్మ కళ్ళు నీళ్ళ మీద నుంచి కుర్చీ మీదికి, కుర్చీ మీద నుంచి కిందికి దిగాయి. సమాధానం కుడికాలు ఊగుతోంది. మనిషి ప్రమేయం లేకుండా, మడమ పలక మీద టకటకా ఆడుతోంది. ఆ పలక గోదాము ఈ కొస నుంచి ఆ కొస దాకా పోతుంది. ఆ కొసనే మిషను ఉంది.

ఆదిశేషమ్మ నోరు తెరిచింది. ఒక్క కేక వేస్తే చాలు. సుశీల్ కుమార్ వస్తాడు, ఊరు వస్తుంది, రోకలికి విడుదల. ఊరందరి నోరూ మూయించిన మనిషి కాలే దొంగ అని మైపాడు సముద్రం దాకా చెప్పుకోవచ్చు. అంత రుచిగల మాట ఆమె నాలుక మీదికి చాలా ఏళ్ళుగా రాలేదు. కానీ కేక వేస్తే సుశీల్ కుమార్ ఏం చేస్తాడు? కాలిని తీసెయ్యలేడు, మనిషిని తీసేస్తాడు. కుర్చీ చేతులను సమాధానం ఎలా పట్టుకుని ఉందో చూసింది. ఎవరో లాక్కుపోతారేమో అన్నట్టు పట్టుకుని ఉంది.

ఆదిశేషమ్మ జీవితంలో మొదటిసారి గుసగుసలాడింది. "ఏమ్మే, కాలు ఊపతుండావే. ఆడదానివి, కాలూపితే ఇంట్లో లక్ష్మి నిలస్తాదా?"

"ఆమె మా ఇంటికి ఎప్పుడొచ్చింది పెద్దమ్మా, పోయేదానికి?"

"నోరు మూసుకోని నీళ్ళ పక్క చూడు."

సమాధానం చూసింది. కాలు ఆపింది, నీళ్ళు ఆగాయి. ఊపిరి కూడా బిగబట్టింది. ఊపిరి వదలగానే కాలు మళ్ళీ ఆడింది. చేత్తో మోకాలు అదిమి పట్టుకుంది. రెండో కాలు అందుకుంది. రెండు చేతులతో రెండు మోకాళ్ళూ పట్టుకుంటే కుర్చీయే ఊగింది.

సమాధానం వంగి, తన కాళ్ళను పరాయివాళ్ళ కాళ్ళను చూసినట్టు చూసుకుంది.

"ఇన్నేండ్లు నిలబడితిని" అంది. "నిలబడితే కొయ్య మాదిరి ఉంటాయి పెద్దమ్మా ఈ కాళ్ళు. కూచునే ఎరకే లేదు వీటికి. సంతోషం పట్టలేకుండా ఉండాయి."

"అయితే మూడు దినాలు నిలబడు. సచ్చిపోతావా ఏంది?"

"నిలబడతా. నిలబడడం నాకేం కొత్తా? కుర్చీ కనబడతా ఉంటే నిలబడలేను. తెలీకుండానే కూచుంటా."

"దాన్ని ఎత్తి బయట పెట్టు."

"అమ్మో, వొద్దు. బయటికి పోయిన కుర్చీ మళ్ళా లోపలికి రాదు. షెడ్డులో చూసినా." సమాధానం లేచి, తాంబాళం నీళ్ళు వాకిట్లో పారబోసి, కొంగుతో తుడిచి ఆదిశేషమ్మ చేతికిచ్చింది. ఇచ్చిన చెయ్యి వదల్లేదు. "పెద్దమ్మా, నువ్వు కూచో."

"నేనా?"

"ఈ మూడు దినాలు. నీకు కాలూపే అలవాటు లేదు, నీ ఎదురుగా ఎవురూపినా ఓర్చుకోవు. అన్నం నేను తెస్తా. పొడి నీకోసం ఊరి బయట మా అమ్మ ఇంటికాడ రోట్లోనే దంచిస్తా. నువ్వు కూచుంటే నేను నిలబడగలను. కుర్చీ ఖాళీగా ఉండకూడదు, అంతే. నడవకుండా, నవ్వకుండా, ఆ చేతులు గెట్టిగా పట్టుకోని కూచో."

"పట్టుకుంటాలే. ఆ పిల్లోడు వొచ్చి, ఇది ఎవురి కుర్చీ, నువ్వెందుకు కూచునినావు అని అడిగితే?"

"నువ్వు గమ్మున ఉండబాక పెద్దమ్మా" అంది. "సమాధానం చెప్పు."